మిషను తుడిచిన ఉప్పు

రేపల్లెలో వెంకటసుబ్బులు కొట్టే కందిపొడి తిన్నవాళ్లు రెండో ముద్దకే ఒక మాట అంటారు, ఇందులో ఏదో ఉందండీ అని. ఆ ఏదో ఏమిటో ఎవరికీ తెలియదు. కందిపప్పు, ఎండుమిర్చి, జీలకర్ర, వెల్లుల్లి, ఉప్పు. అందరూ వేసేవే ఆవిడా వేస్తుంది. అయినా తెనాలి కొట్లనుంచి బాపట్ల హాస్టళ్ల దాకా ఆ పొడికి గిరాకీ. తెనాలిలో కొట్టు నడిపే వెంకట్రామయ్యగారైతే, తాను అమ్మే సరుకులో ఇంటికి పట్టుకెళ్లేది అదొక్కటేనని వచ్చినవాళ్లందరికీ చెబుతుంటాడు. ఆయన ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. ఎవరైనా పొగిడితే వెంకటసుబ్బులు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అంతా చేతి గుణమండీ అనేది. వంట బావుందంటే మన ఆడవాళ్లు ఇచ్చే జవాబు అదే. అంతకుమించి లోపలికి తొంగిచూసే అలవాటు మనకి లేదు.

వెంకటసుబ్బులు వాళ్లది బోటు మీద బతికే ఇల్లు. భర్త వీరాస్వామి నిజాంపట్నం నుంచి వేటకి వెళ్తాడు. మొదట్లో ఆవిడ కొట్టి అమ్మింది రొయ్యపొట్టు కారం ఒక్కటే. ఎండు రొయ్యల పొట్టు దోరగా వేయించి, మిరపకాయలు, వెల్లుల్లి వేసి కొట్టిన కారం అది. కొడుకు శ్రీనివాస్ బాపట్లలో బీకాం చదివి వచ్చాక వ్యాపారం పెంచుదామన్నాడు. కందిపొడి, నువ్వుల పొడి, కరివేపాకు కారం కూడా మొదలయ్యాయి. రిజిస్ట్రేషను తెచ్చాడు. ప్యాకెట్లకి లేబుళ్లు వేయించాడు. పొట్టు కారానికి మాంసాహారమని గోధుమరంగు గుర్తు, మిగతావాటికి శాకాహారమని ఆకుపచ్చ చుక్క. వెనక ఏమేం కలిసిందో, ఏ తారీఖున కొట్టిందో, ఏ విడత సరుకో అన్నీ చిన్న అక్షరాల్లో ఉండేవి. కొడుకు కష్టం చూసి తల్లి ముచ్చటపడేది గాని, అవన్నీ ఎవరు చదువుతార్రా అని నవ్వేది. నవ్విందని తప్పు పట్టలేం. ప్యాకెట్ తిప్పి చూశామంటే రేటు కోసమే చూస్తాం. అంతకుమించి చదివేవాణ్ణి చాదస్తం మనిషి అంటాం.

అన్ని పొడులకీ మిషను ఒకటే. పొడి కొట్టే మిషనుకి నీళ్లు తగలకూడదు, తడి తగిలితే పొడి ముక్కిపోయిన వాసన వచ్చి పాడవుతుంది. అందుకని పొట్టు కొట్టాక వెంకటసుబ్బులు గుప్పెడు రాళ్ల ఉప్పు వేసి మిషను తిప్పేది. లోపల అంటుకున్నదంతా ఊడ్చుకుని ఆ ఉప్పు కాస్త ఎర్రబడి, కమ్మటి వాసనతో బయటికొచ్చేది. మిషను శుభ్రపడేది. ఇక ఉప్పు మిగిలేది. దాన్ని పారబోయడం ఆవిడ వల్ల కాదు. ఉప్పు కాళ్ల కింద పడకూడదని వాళ్లమ్మ చెప్పింది, అత్తగారూ చెప్పింది. పైగా పొట్టు రుచి పట్టిన ఉప్పు. గిన్నెలోకి ఎత్తి, తరవాత ఏ పొడి కొడితే అందులో ఆ ఉప్పే వేసేది.

మిషను కడుగుతున్నావా అమ్మా అని శ్రీనివాస్ ఒకసారి అడిగాడు. ఉప్పేసి తిప్పుతానురా, అద్దంలా ఉంటుంది అంది. అది నిజమే. ఆ ఉప్పు ఎటు పోతుందని అతను అడగలేదు, చెప్పాలని ఆవిడకి తట్టలేదు. దాచిందని కాదు. చేప నీసు, రొయ్య నీసు, కూర వండితే నీసు. ఉప్పుకి అంటుకున్న పిసరంత ధూళి కూడా నీసేనని సముద్రం పక్కన పుట్టిన మనిషికి ఎలా తోస్తుంది? వాళ్ల ఇళ్లలో తలుపులకీ ఆ వాసనే, దుప్పట్లకీ ఆ వాసనే.

వానలు మొదలైన రోజుల్లో తెనాలి నుంచి వెంకట్రామయ్య ఫోన్ చేశాడు. మోరిస్‌పేటలో కృపారాణి అని స్కూలు టీచరుంది, ఆవిడ కూతురు పింకీ ఒకటో తరగతి. కందిపొడి అన్నం తిన్న కాసేపటికే ఆ పిల్లకి పెదవులు వాచి, ఒళ్లంతా దద్దుర్లు లేచి, ఊపిరాడక కళ్లు తేలేసిందట. స్కూటరు మీద ఆస్పత్రికి పరుగెత్తారట. సూది మందు పడబట్టి బతికింది. ఆ పిల్లకి రొయ్యలు పడవు. ఇదివరకొకసారి రొయ్య ముక్క తిని చావు దాకా వెళ్లొచ్చింది. అప్పట్నుంచీ ఆ ఇంట్లోకి రొయ్య రాలేదు. బిస్కెట్టు కొన్నా కృపారాణి వెనక ఉన్న అక్షరాలన్నీ చదివిగాని పిల్లకి ఇవ్వదు. కందిపొడి ప్యాకెట్టూ చదివే కొన్నది.

శ్రీనివాస్‌కి కోపం వచ్చింది. తాను కూర్చుని వేయించిన లేబుల్ మీద మాట పడటం అతనికి నచ్చలేదు. మా దాంట్లో రొయ్య పేరు కూడా లేదు బాబాయ్ గారూ, ఆ పిల్ల ఇంకేం తిన్నదో, ఎవరి చేత్తో తిన్నదో ముందు వాళ్లింట్లో కనుక్కోమనండి అని గట్టిగానే చెప్పాడు. ఆ మాట వెంకట్రామయ్య మోరిస్‌పేటకి చేరవేశాడు.

మర్నాడు మళ్లీ ఫోన్ వచ్చింది. ఈసారి ఆయన గొంతు తేలికపడింది. పిల్ల నాన్నమ్మ జ్ఞానమ్మ ఆ రోజు పొద్దున కొల్లిపరలో చుట్టాల కొత్త ఇంటి ప్రార్థనకి వెళ్లి, అక్కడ రొయ్యల ఇగురు తిని వచ్చిందట. వచ్చి ఆ చేత్తోనే పిల్లకి అన్నం కలిపి పెట్టిందట. చెయ్యి కడుక్కున్నానని పెద్దావిడ అంటోంది గాని, సరిగా కడిగి ఉండదని ఇంట్లోవాళ్ల అనుమానం. అలాగైనా జరగొచ్చని డాక్టరు కూడా అన్నాడట. మీ పొడికేం మచ్చ లేదోయ్ అని వెంకట్రామయ్య శ్రీనివాస్‌ని ఓదార్చి, ఇంకో పెట్టె పంపమన్నాడు.

శ్రీనివాస్ లోపలికొచ్చి, మనది కాదంటమ్మా అని తల్లికి చెప్పాడు. వెంకటసుబ్బులు పప్పు వేయిస్తోంది. చేతిలో గరిటె ఆగింది. ఆ విడత కందిపొడి కొట్టింది పొట్టు కారం తరవాతే. మామూలుగా మధ్యలో నువ్వులో కరివేపాకో కొట్టేది, ఆ ఉప్పులో ఎక్కువ భాగం వాటిలోకే పోయి కందిపొడికి కాస్తే మిగిలేది. ఆ వారం తెనాలి వాళ్లకి తొందరని పొట్టు తీసిన వెంటనే కందిపప్పు పోసింది. ఉప్పు ఎర్రగా ఉండటం కూడా గుర్తొచ్చింది. పప్పు మాడుతోందని శ్రీనివాస్ అరిస్తేగాని ఆవిడ కదల్లేదు.

ఒక పిసరు ఉప్పుతో మనిషి ప్రాణం మీదికి వస్తుందా అని తనకి తాను చెప్పుకుంది. పెద్దావిడ చెయ్యే అయ్యుంటుంది, రొయ్యల జిగట గోళ్ల సందుల్లో ఉండిపోతుంది గదా అనుకుంది. ముక్కూ మొహం తెలియని ఒక ముసలమ్మ మీదికి నేరం పోయిందని విని ఊపిరి పీల్చుకున్నందుకు ఆవిడకి సిగ్గేసింది. సిగ్గేసినా ఊపిరి మాత్రం పీల్చుకుంది.

ఆ రోజు నుంచి మిషను తుడిచిన ఉప్పు ఏ పొడిలోనూ వేయలేదు. కాళ్ల కింద పడకుండా నీళ్లలో కరిగించి మురుగు కాలవలో పోసేసింది. ఇకముందు జరగకుండా చూసుకున్నాం గదా, ఎవరికీ చెప్పాల్సిన పనేముంది అనుకుంది. మనలో చాలామందిమి తప్పుని అలాగే సర్దుకుంటాం, రేపటి నుంచి బాగుంటే నిన్నటిది చెల్లిపోయినట్టు. కొట్లలో ఉన్న ప్యాకెట్ల సంగతి, జనం వంటింటి అరల్లో కూర్చున్న ప్యాకెట్ల సంగతి ఆవిడ ఆలోచించలేదని కాదు. అటు ఆలోచన పోయినప్పుడల్లా లేచి ఏదో ఒక పని కల్పించుకునేది.

కొత్త సరుకు వెళ్లాక కొట్లవాళ్లు ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టారు. పొడి బాగానే ఉందండీ గాని ఈసారి ఏదో తగ్గింది అన్నారు. ఒకరు కాదు, అందరూ అదే మాట. శ్రీనివాస్ పప్పు మార్చాడు, మిరపకాయలు మార్చాడు. వెంకటసుబ్బులుకి మాత్రం తగ్గిందేమిటో తెలిసిపోయింది. ఇన్నేళ్లూ కొంగు అడ్డం పెట్టుకుని నవ్విన ఆ చేతి గుణం మురుగు కాలవలో పోయింది. అంతమంది నోటికి తెలిసేంత రొయ్య అందులో ఉందన్నమాట. ఇక పిసరంత అని సర్దుకోవడానికి లేకుండా పోయింది. ఆ పూట ఆవిడ అన్నం ముందు కూర్చుని లేచిపోయింది.

అప్పటికీ నోరు విప్పలేదు. విప్పి ఉంటే ఆ ఆదివారం మధ్యాహ్నం వచ్చేది కాదు.

ఆ రోజు ఫోన్లో వెంకట్రామయ్య మాటల సందర్భంలో తానే చెప్పాడు. కొత్త దాంట్లో మజా లేదు చెల్లెమ్మా, అడుగున పాత సరుకు రెండు ప్యాకెట్లుంటే ఒకటి నేను పట్టుకొచ్చుకున్నా, రెండోది ఇందాక చర్చి నుంచి వస్తూ కృపారాణి టీచరు తీసుకెళ్లింది అన్నాడు. వెంకటసుబ్బులు స్పీకరు పెట్టిన ఫోను ముందు కూర్చుని వింటోంది. పిల్లకి ఆ పొడంటే ఇష్టమట, మానిపిస్తే ఏడుస్తోందట. ఎలాగూ తప్పు పొడిది కాదని తేలింది గదా అని మళ్లీ కొన్నదట. పెద్దావిణ్ణి అమృతలూరులో కూతురింటికి పంపేశారట. పిల్లకి అన్నం పెట్టే చోట ఆవిడ ఉంటే భయంగా ఉందని కోడలు అన్నదట. పాపం, ఏం చేస్తాం అని ఆయన నిట్టూర్చి ఫోను పెట్టేశాడు.

వెంకటసుబ్బులు కొడుకు దగ్గరికి వెళ్లి నిలబడింది. ఉప్పు సంగతంతా చెప్పింది. ఏడుపు రాలేదు. మిషను ముందు నిలబడి, ఇలా వేస్తాను, ఇలా తీస్తాను, ఈ గిన్నెలో పోస్తాను అని చేత్తో చూపిస్తూ చెప్పింది. శ్రీనివాస్ ఫోను తీసి వెంకట్రామయ్యకి కలిపాడు.

కలిపాడుగాని, నోటికి నిజం రాలేదు. బాబాయ్ గారూ, ఆ పాత విడత ప్యాకెట్ల మీద తారీఖు తప్పు పడింది, టీచరుగారి దగ్గర్నుంచి వెనక్కి తెప్పించండి, మార్చి ఇస్తాం అన్నాడు. ఆయన తాపీగా, దానికేముందోయ్, వాళ్ల ఫోన్ నంబరు లేదు గాని ఇల్లు తెలుసు, ఇప్పుడే కంచం ముందు కూర్చున్నా, సాయంత్రం అటు వెళ్లినప్పుడు చెబుతాలే అన్నాడు. తప్పు తారీఖు కోసం అన్నం ముందు నుంచి లేచేవాడు ఎవడుంటాడు? తొందరగా వెళ్లండి అని శ్రీనివాస్ అంటున్నాడు, ఎందుకంత తొందరో చెప్పలేక నీళ్లు నములుతున్నాడు.

వెంకటసుబ్బులు కొడుకు చేతిలోంచి ఫోను లాక్కుంది.

"అన్నయ్యగారూ, అందులో రొయ్య ఉందండి. పొట్టు కొట్టిన మిషను తుడిచిన ఉప్పు నేనే కలిపాను. ఆ పెద్దమ్మ చెయ్యి కాదు, నా ఉప్పు. పాప తినకముందే వెళ్లండి."

వెంకట్రామయ్య ముందు కంచం ఉంది, కంచంలో కలుపుకున్న కందిపొడి అన్నం ఉంది, అందులో సగం అప్పటికే లోపలికి పోయింది. ఏళ్ల తరబడి పోతూనే ఉంది. ఆయన తిట్టి ఉంటే ఆవిడకి కాస్త సులువుగా ఉండేది.

"చెయ్యి కడుక్కుని వెళ్తున్నానమ్మా" అన్నాడు ఆయన.

తల్లీ కొడుకూ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా ఆ ఫోను వైపే చూస్తూ కూర్చున్నారు. చివరికి మోరిస్‌పేట నుంచి కబురు వచ్చింది. అన్నం కలిపి, వేడిగా ఉందని ఫ్యాను కింద పెట్టారట. పిల్ల కంచం ముందు కూర్చుని ఆరిందా ఆరిందా అని అడుగుతోందట. వెంకట్రామయ్య చెప్పులతోనే వాళ్ల వంటింట్లోకి వెళ్లి కంచం తీసేశాడట. ఆ సంగతి చెప్పి, ఇంకేమీ మాట్లాడకుండా ఫోను పెట్టేశాడు. మళ్లీ ఏనాడూ ఆవిణ్ణి చెల్లెమ్మా అని పిలవలేదు.

మర్నాడు ఇద్దరూ చెరుకుపల్లి మీదుగా బస్సెక్కి బాపట్ల వెళ్లారు. జిల్లా కేంద్రం అదే కాబట్టి ఆహార భద్రతాధికారి కూర్చునేదీ అక్కడే. వినోద్ కుమార్ అని నడివయసు మనిషి. తనంతట తానుగా వచ్చి తప్పు చెప్పుకున్నవాళ్లని ఎక్కువగా చూడలేదేమో, మొదట నమ్మలేనట్టు విన్నాడు. తరవాత ఏ విడత సరుకు, ఏ ఊళ్లకి వెళ్లింది అని అడిగాడు. శ్రీనివాస్ తడుముకోకుండా చెప్పాడు. ప్యాకెట్ల మీద నంబర్లుండబట్టి ఏవి వెనక్కి రావాలో తేలింది, లేకపోతే జిల్లాలో ఉన్న పొడంతా వెతుక్కోవాల్సి వచ్చేది అన్నాడు ఆయన. పొట్టుకి వేరే మిషను, వేరే గది పెట్టి తనకి చూపించేదాకా పొయ్యి వెలిగించొద్దన్నాడు. కేసు సంగతి కేసుదే అని కూడా చెప్పాడు.

కొట్లలో అంటించడానికి, వాట్సాప్‌లో పెట్టడానికి ప్రకటన రాయమంటే శ్రీనివాస్ అక్కడే కూర్చుని రాశాడు. కొన్ని నాణ్యతా కారణాల వల్ల ఫలానా నంబర్ల పొడి ప్యాకెట్లను వెనక్కి తీసుకుంటున్నామని, అసౌకర్యానికి చింతిస్తున్నామని రాశాడు. వినోద్ కుమార్ చదివి పక్కన పెట్టాడు.

"నాణ్యత అంటే ఎవరు ఉలిక్కిపడతారయ్యా? రొయ్య అని రాయి. రొయ్య పడని మనిషికి కావలసింది ఆ ఒక్క మాటే."

శ్రీనివాస్ తలొంచుకున్నాడు. నిన్న ఫోన్లో చేసిందీ, ఇప్పుడు కాగితం మీద చేసిందీ ఒకటేనని అతనికి అర్థమైంది. అమ్మ తెలియక కలిపింది, తాను తెలిసి మసిపూస్తున్నాడు. రెండోసారి రాసిన దాంట్లో, శాకాహారమని గుర్తు వేసిన ఈ పొడుల్లో రొయ్యపొట్టు కలిసింది, రొయ్యలు పడనివాళ్లకి ప్రాణాపాయం, తినొద్దు, తిరిగివ్వండి అని పెద్ద అక్షరాల్లో ఉంది. కింద తయారుచేసినవాళ్ల పేరు ఉండాలి కాబట్టి వెంకటసుబ్బులు పేరుంది.

తన పేరు అన్ని గోడల మీద చూసుకునే యోగం అందరికీ ఉండదు. ఆవిడకి పట్టింది. రేపల్లె బజార్లో, తెనాలి కొట్లలో, బాపట్ల హాస్టళ్ల నోటీసు బోర్డుల మీద ఆ కాగితం వేలాడింది. ప్యాకెట్లు వెనక్కి రావడం మొదలైంది. కొంతమంది మొహాన కొట్టినట్టు గుమ్మంలో పడేసి వెళ్లారు. నియమాలున్న ఇళ్లవాళ్లు ఫోన్లు చేసి శాపనార్థాలు పెట్టారు. చేపలు పట్టే పల్లెవాళ్ల చేతి తిండి కొనడం మాదే బుద్ధితక్కువ అన్నవాళ్లూ ఉన్నారు. మిగతా తిట్లన్నీ నావే అని ఓర్చుకున్న మనిషి, కులాన్ని ఎత్తినప్పుడు మాత్రం గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. తన ఒక్కదాని తప్పు కడలి ఒడ్డున బతికే అందరి నెత్తికీ చుట్టుకుందని కుమిలింది. కొందరు పుణ్యాత్ములు ప్యాకెట్ పూర్తిగా ఖాళీ చేసి, కవరు తెచ్చిచ్చి డబ్బులడిగారు. వెంకట్రామయ్య మాత్రం తన ఇంట్లో మిగిలిన సగం ప్యాకెట్‌ని మూతి కట్టి, ఎవరి చేతో పంపించాడు. వచ్చిన పొడినంతా వినోద్ కుమార్ మనుషులు చూస్తుండగా గొయ్యి తీసి పూడ్చారు.

ఇక చెయ్యాల్సిన పని ఒకటి మిగిలింది. దాన్ని ఏ అధికారీ చెయ్యమనలేదు. వెంకటసుబ్బులు తెనాలి రైలెక్కింది. శ్రీనివాస్ తానూ వస్తానని స్టేషన్ దాకా వచ్చాడు. ఎవరి చేత్తో తిన్నదో కనుక్కోమనండి అన్నది తానేనని గుర్తొచ్చిందో ఏమో, బండి కదిలేవేళకి ప్లాట్‌ఫారం మీదే ఉండిపోయాడు.

మోరిస్‌పేటలో తలుపు తీసింది కృపారాణి. పేరు చెప్పగానే గుర్తుపట్టింది. రమ్మనలేదు, పొమ్మనలేదు, తలుపు వదిలేసి లోపలికి వెళ్లింది. వెంకటసుబ్బులు గుమ్మం లోపల నిలబడి, తెచ్చుకున్న మాటలన్నీ మర్చిపోయి, తప్పైపోయిందండి అని మాత్రం అంది. తిడుతుందని ఎదురుచూసింది. కృపారాణి తిట్టలేదు. వంటింటి వైపు ఒకసారి చూసి, అక్కడికి వినిపించకుండా గొంతు తగ్గించి మాట్లాడింది. ఆదివారం సంగతి తెలిసిన పూటే తాను అమృతలూరు వెళ్లి అత్తగారి కాళ్లు పట్టుకుని తీసుకొచ్చిందట. ఆవిడ ఒక్క నిష్ఠూరం ఆడలేదట. అమృతలూరు పంపకముందే చర్చిలో స్త్రీల సమాజం కూడికలో ఆ పెద్దావిడ లేచి నిలబడి, నా అజాగ్రత్త వల్ల పసిబిడ్డని చంపబోయాను, ప్రభువు నన్ను క్షమించాలి అని అందరి ముందూ ఒప్పుకుందట. ఆ రోజు కృపారాణి పక్కనే కూర్చుని, ఒప్పుకుంది గదా అని మనసులో క్షమించేసిందట.

"కడుక్కున్నానే అమ్మా అని ఆవిడ మొత్తుకుంటే నమ్మలేదండి" అంది కృపారాణి. "మా ఇంటి మనిషి మాట నమ్మలేదు. మీ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్కని నమ్మాను."

నమ్మడానికే గదా ఆ చుక్క పెట్టింది. ఆ టీచరు చెయ్యాల్సినదంతా చేసింది, చదివింది, నమ్మింది. తలుపు చాటుకి పోదామనిపించినా వెంకటసుబ్బులు అక్కడే నిలబడింది.

జ్ఞానమ్మ వంటింట్లోంచి బయటికొచ్చింది. పొట్టి మనిషి, తెల్ల చీర, మోచేతుల దాకా తడి. వందనాలమ్మా, కూర్చో అని కుర్చీ చూపించింది. వెంకటసుబ్బులు కూర్చోలేదు.

"మీ చెయ్యి కాదు పెద్దమ్మా, నా ఉప్పు. మీకు ఆ మాట నా నోటితో చెప్పాలని వచ్చాను."

"తెలిసిందమ్మా. అందరూ చెప్పారు" అంది జ్ఞానమ్మ.

ఆవిడ గొంతులో కోపం లేదు. ఎవరినో ఓదారుస్తున్నట్టు నెమ్మదిగా చెప్పుకొచ్చింది. మొదట్లో చెయ్యి కడుక్కున్నట్టు బాగా గుర్తుండేదట. కొల్లిపరలో సబ్బు ఎక్కడుందో, ఎవరు నీళ్లు పోశారో కూడా చెప్పేదట. కొడుకు అడిగాడు, కోడలు అడిగింది, డాక్టరు అడిగాడు. అడిగినకొద్దీ ఆ గుర్తు చెదిరిపోయిందట. చివరికి కడుక్కోలేదనే ఖాయమైపోయి, వేళ్లు వాసన చూసుకుంటే రొయ్యల వాసన వచ్చేదట. ఇప్పుడు నీ తప్పు లేదు అంటున్నారు, సరే అంటున్నాను అంది. ఆవిడ చేతుల చర్మం తెల్లగా పాలిపోయి, వేళ్ల కొసలు ముడతలు పడి ఉన్నాయి. కృపారాణి తల తిప్పుకుంది.

ఇంతలో పింకీ కంచం పట్టుకుని వచ్చింది. కంచంలో పప్పన్నం. నాన్నమ్మ తిరిగొచ్చినప్పట్నుంచీ పిల్ల సంబరంగా ఉంది. ఇవాళైనా నువ్వు కలిపి ముద్దలు పెట్టు నాన్నమ్మా అని కంచం ఆవిడ చేతికిచ్చి ఎదురుగా బాసింపట్టు వేసుకుంది. పెట్టండత్తయ్యా అంది కృపారాణి, మెల్లగా, బతిమాలుతున్నట్టు.

జ్ఞానమ్మ కంచం పక్కన పెట్టి పెరట్లోకి వెళ్లింది. కుళాయి తిప్పిన చప్పుడు వినిపించింది. సబ్బు అరగదీస్తున్న చప్పుడు వినిపించింది. అది ఎంతకీ ఆగలేదు. ఇందాక వంటింట్లోంచి వస్తూ కడుక్కుని వచ్చిన చేతులే అవి. కృపారాణి పెరటి గుమ్మం దాకా వెళ్లి, చాలండత్తయ్యా అంది. కుళాయి కట్టేశాక కూడా మళ్లీ తిప్పిన చప్పుడు వచ్చింది. వెంకటసుబ్బులు వెళ్లిపోదామనుకుంది గాని, తాను చేసినదాన్ని చూడకుండా పోవడం ఇంకా సిగ్గుమాలిన పని అనిపించింది.

జ్ఞానమ్మ వచ్చి కూర్చుంది. చేతులు కొంగుకి తుడుచుకుంది. పింకీ కళ్లు మూసుకుని నోరు తెరిచింది. పెద్దావిడ చెయ్యి కంచం మీదికి వెళ్లి, అన్నానికి తగలకుండానే ఆగి, వెనక్కి వచ్చింది.

"స్పూను ఇవ్వమ్మా" అంది కోడలితో.